రెండో చుట్టు

మా వంటింటి తలుపు పక్కన చిన్న నల్లబల్ల ఒకటి వేలాడుతూ ఉంటుంది. మా మామగారు నీల్స్ స్కోగ్లండ్ కొట్టించిన మేకుకే ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో విమానం తీసేవాళ్ళు ఎవరైనా సరే, గుమ్మం దాటే ముందు దాని మీద మూడు సంగతులు రాయాలి. ఎవరు, ఎక్కడికి, ఎన్ని గంటల నుంచి భయపడాలి.

మూడోది నా మూలంగా వచ్చింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి చలికాలంలో, మా ఆయన అర్విడ్ విమానం అలా నది వంపు దాటగానే నేను ఇలా రేడియో ముందు చేరి ఏడుస్తుండేదాన్ని. మామగారు రెండు వారాలు చూసి సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "చూడమ్మా కోడలా, తిరిగి రావాల్సిన టైముకి ఇంకో గంట కలిపి ఇక్కడ రాస్తాం. ఆ టైము దాకా భయపడే హక్కు నీకు లేదు. ఆ తరవాత నీ ఇష్టం. నది పొడుగునా అందరినీ లేపు, నేను అడ్డం రాను" అన్నారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఒక్క రోజు కూడా ఆ టైము దాకా ఆగలేకపోయాను. విమానం కింద చక్రాల బదులు ఉండే స్కీలు, ఆ జారుడు పలకలు, మంచు వదిలినప్పుడే మొదలవుతుంది నాకు. ఇంజను శబ్దం మారితే భయం, మారకపోతే గాలికి వినబడటం లేదేమోనని భయం. అర్విడ్ గుండెలో ఏదో తేడా ఉందని డాక్టర్లు అతని లైసెన్సు తీసేసుకున్న రోజున ఊరంతా వచ్చి అయ్యో అన్నారు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం పూర్తి కాకముందే కూతురు సిగ్నీ తండ్రి సీట్లో కూర్చుంది.

టీవీలో మమ్మల్ని చూసినవాళ్ళు చాలామంది నన్ను చూసి నవ్వారు. నవ్వినందుకు నాకేం కోపం లేదు. టీవీలో రానిది కొంత ఉంది, అది చెప్పాలని రాస్తున్నాను.

ముందు నల్లచేప సరస్సు సంగతి చెప్పాలి. మా బర్చ్ ల్యాండింగ్ నుంచి ఉత్తరానికి నలభై నిమిషాలు. చలికాలంలో మా సరస్సుల మీద ఒక మాయ ఉంటుంది. మంచు బాగా పడితే ఆ బరువుకి సరస్సు మీద పేరుకున్న గడ్డ కిందికి కుంగుతుంది. పగుళ్ళలోంచి నీళ్ళు పైకొచ్చి, మంచు కింద దాక్కుంటాయి. పైనుంచి చూస్తే పరుపు పరిచినట్టు తెల్లగా ఉంటుంది. అక్కడ దిగితే స్కీలు ఆ బురదమంచులోకి దిగబడతాయి, గంటలో రాయిలా బిగుసుకుపోతాయి. ఇక విమానం అక్కడిదే.

అందుకే మావాళ్ళు నేరుగా దిగరు. స్కీలు మంచుకి తగిలించి, ఆగకుండా కొంతదూరం ఈడ్చి, మళ్ళీ పైకి లేస్తారు. దీన్ని గీత గీయడం అంటాం. ఒక చుట్టు తిరిగి వచ్చి ఆ గీత చూస్తారు. తెల్లగానే ఉంటే దిగొచ్చు. నల్లబడితే అడుగున నీళ్ళున్నట్టు.

మా మామగారు ఒకసారి నల్లచేప సరస్సు మీద గీత గీశారు, చుట్టు తిరిగారు, చూశారు. తెల్లగా ఉంది. దిగారు. పొడి మంచు గట్టిగా అణిగి ఉండటంతో నీళ్ళు పైకి రావడానికి ఆ రోజు ఎక్కువసేపు పట్టిందట. విమానం కడుపుదాకా కూరుకుపోయింది. రెండు రోజులు నడిచి ఇల్లు చేరారు, కుడికాలి వేళ్ళు మూడు పోయాయి. వసంతంలో గడ్డ విరిగినప్పుడు విమానం అడుగుకి వెళ్ళిపోయింది. "నేను చూడక చెడలేదు. చూసి, తొందరపడి చెడ్డాను" అనేవారు ఆయన, ఆ బోడికాలు పొయ్యి దగ్గర పెట్టుకుని. అప్పటినుంచీ స్కోగ్లండ్ల ఇంట్లో రెండు చుట్లు. నది మీద మిగతావాళ్ళు వెక్కిరిస్తారు, స్కోగ్లండ్లు దిగేలోపు కాఫీ చల్లారిపోతుందని. చల్లారనీ.

మూడేళ్ళ కిందట టీవీవాళ్ళు వచ్చారు. 'మంచు దారులు' అని కార్యక్రమం పేరు. మా సిగ్నీ టపా మోయడం, కుక్కల్ని మోయడం, పై ఊళ్ళో పెళ్ళికి బట్టలుతికే మిషను మోయడం, అన్నీ తీశారు. మొదటి ఏడాది దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. రెండో ఏడాది ఒక సరస్సు మీద సిగ్నీ గీత గీసి లేచింది, చుట్లు తిరిగింది, చూసుకుని దిగింది. టీవీలో ఏం చేశారంటే, స్కీలు తగలడం, లేవడం, మధ్యలో దాని మొహం, వెనక ఏడుపు సంగీతం. "సిగ్నీకి ధైర్యం చాలలేదు" అని ఒక మగగొంతు. అంతే. దిగినట్టే చూపించలేదు.

ఇక చూడండి. దిగలేని సిగ్నీ అని పేరొచ్చింది. దాని ఫోను నిండా అదే. ఎంకరేజ్‌ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే ఎదురుగా ఒకావిడ, "నువ్వు ఆ టీవీ పిల్లవి కదూ? ఈ కుర్చీలోకైనా ఒకేసారి దిగావా అమ్మా?" అంది. సిగ్నీ నవ్వేసింది. ఇంటికొచ్చి వారం రోజులకి సరిపడా కట్టెలు ఒక్క పూటలో కొట్టింది, ఎవరితోనూ మాట్లాడకుండా. గొడ్డలి దెబ్బలు వింటూ నేను లోపల కూర్చుని ఆలోచించాను. ఇది ఇక ఎవరి మాటా వినదు, ఎప్పుడో ఒకరోజు వాళ్ళ నోళ్ళు మూయించడానికి నేరుగా దిగుతుంది, అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

ఈ మార్చిలో నల్లచేప సరస్సు అవతలి ఒడ్డున చలికాలం మకాం ఉన్న వసీలీ నుంచి రేడియో వచ్చింది. వాళ్ళ ఇనుప పొయ్యి అడుగు కాలిపోయి ఊడిపోయిందట. డబ్బారేకు వేసి నెట్టుకొస్తున్నారు, ముసలాయన, ఆయన భార్య ఫెక్లా. బయట సున్నాకి ముప్ఫై కింద. పొయ్యి లేకపోతే ఎంత ఓపికున్నా ఎన్నాళ్ళు?

కొత్త పొయ్యి మా షెడ్డుకి చేరింది. ఈ సంగతి టీవీ కార్యక్రమం నడిపే కర్టిస్‌కి తెలిసింది. మనిషి చెడ్డవాడు కాదు. కాని అతనికి కళ్ళెదురుగా ఉన్నది ఎప్పుడూ కనబడదు, టీవీలో ఎలా కనబడుతుందో అదే కనబడుతుంది. మా బల్ల దగ్గర కూర్చుని దుప్పిమాంసం పులుసు తాగుతూ చేతులు తిప్పాడు.

"తాతని ముంచిన సరస్సు. మనవరాలు వస్తుంది. ఈసారి తిరగడాలు లేవు, వెతుక్కోవడాలు లేవు. ఒకే దెబ్బకి దిగుతుంది. ఈ ఏడాదికి అదే ఆఖరి భాగం. నిన్ను వెక్కిరించినవాళ్ళందరి నోళ్ళూ పడిపోతాయి సిగ్నీ."

"వసీలీ తాతకి పొయ్యి ఇవ్వాలి" అంది సిగ్నీ.

"ఇద్దాం. దిగుతావుగా?"

"దిగుతాను."

ఆ మాట అంటున్నప్పుడు దాని మొహంలోకి చూశాను. వాళ్ళ తాత మొహమే. నా చేతిలో గరిటె పులుసులో పడిపోయింది. ఎవరూ గమనించలేదు, అర్విడ్ తప్ప.

"ఏం వెర్నా?"

"ఏం లేదు. చెయ్యి జారింది."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేను షెడ్డుకి వెళ్ళాను. పెద్ద కోటు, మామగారి బొచ్చు టోపీ, మోకాళ్ళదాకా బూట్లు. అర్విడ్ ఇంజను చల్లబడకుండా కప్పిన దుప్పట్లు తీస్తున్నాడు. సిగ్నీ రెక్కల మీద గడ్డలు దులుపుతోంది. పొయ్యి మా ఎర్ర సెస్నా విమానం లోపలికి ఎక్కించి తాళ్ళతో కట్టేశారు. మనోలో అనే కెమెరా మనిషి తన సంచులతో నిలబడి వణుకుతున్నాడు.

"నేనూ వస్తున్నాను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ముప్ఫై ఏళ్ళలో నేను చిన్న విమానం ఎక్కింది డాక్టరు కోసం, పెళ్ళిళ్ళ కోసం, చావుల కోసం. అదీ కళ్ళు మూసుకుని.

"ఎక్కడికే?" అన్నాడు అర్విడ్.

"నల్లచేప సరస్సుకి. ఫెక్లాని చూసి ఏడాదయింది."

"అమ్మగారూ, సీటు ఒక్కటే ఉంది. అది మనోలోది" అన్నాడు కర్టిస్.

"విమానంలో ఎవరు ఎక్కాలో పైలట్ చెప్తుంది" అంది సిగ్నీ రెక్క మీద నుంచి దిగకుండానే. నన్ను చాలాసేపు చూసింది. ఎందుకొస్తున్నానో దానికి అర్థమైపోయిందని నాకు తెలిసింది. "కాటా ఎక్కు అమ్మా" అంది.

ఇక్కడ నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా దగ్గర మనుషుల్నీ సామాన్లనీ ఒకే కాటా మీద తూస్తారు, బూట్లతో సహా. ఇంటి మనిషినని నన్ను ఎప్పుడూ తూయలేదు, నోటిమాట మీదే రాసుకునేవారు. నేను పదేళ్ళుగా నూట నలభై పౌన్లు అని చెప్తూ వచ్చాను. ముల్లు నూట డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది.

అర్విడ్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "మిగతా ముప్ఫై ఎనిమిదీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

నాకు నవ్వు రాలేదు. తప్పు బరువు చెప్పి విమానం ఎక్కడం ఎంత ప్రమాదమో ఈ నది మీద పిల్లలకి కూడా తెలుసు. "సిగ్నీ, ఇన్నేళ్ళూ నేను..."

"నేను ఎప్పుడూ నూట ఎనభై వేసుకున్నాను అమ్మా. నాన్న కూడా అంతే. మనోలో సంచులతో రెండు వందల ముప్ఫై. నువ్వు కూర్చుంటే నాకే నయం."

మనోలో సంతోషంగా సంచులు కింద పెట్టేశాడు. అరచేతిలో పట్టే చిన్న కెమెరా ఒకటి నా చేతికిచ్చి, "అమ్మగారూ, దీన్ని కోటు లోపల పెట్టుకోండి, చలికి చచ్చిపోకుండా. పైకి వెళ్ళాక ఈ బొత్తాం నొక్కి కిటికీ వైపు పట్టుకోండి. మీరు కళ్ళు మూసుకున్నా పరవాలేదు, అది చూస్తుంది" అన్నాడు. విమానంలో అప్పటికే బిగించిన కెమెరాలు రెండున్నాయి. ఇది ఊరికే, ఎందుకైనా మంచిదని.

ఇంట్లోకి వెళ్ళి నల్లబల్ల మీద రాశాను. సిగ్నీ, వెర్నా. నల్లచేప సరస్సు. నాలుగింటి నుంచి. సుద్దముక్క అర్విడ్ చేతిలో పెట్టాను.

"ఇదేమిటి, నాకా?"

"నీకే. ఈసారి నువ్వు."

అతను ఆ సుద్దముక్కని అరచేతిలో తిప్పి చూశాడు.

నేను సిగ్నీ వెనక సీట్లో కూర్చున్నాను. నా పక్కన పొయ్యి. పైకి లేచేటప్పుడు ఆ పొయ్యి గొట్టాన్ని పట్టుకున్నాను, అదేదో నన్ను కాపాడేటట్టు. సిగ్నీ మెడ వెనక చిన్నప్పుడు కొక్కెం గీరుకున్న మచ్చ ఉంది. నలభై నిమిషాలూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేరుగా దిగబోతే ఏం చేయాలో ఆలోచించుకున్నాను. అరవాలా? భుజం పట్టుకోవాలా? అలా పట్టుకుంటేనే పడిపోతామేమో. నా ఆలోచనలన్నీ అలాగే ఉంటాయి, ఒక గోతి తప్పించుకోబోయి ఇంకో గోతిలో పడతాను.

సరస్సు వచ్చింది. ఒక గీత లేదు, ఒక మరక లేదు. అవతలి ఒడ్డున వసీలీ గుడిసె మీంచి సన్నగా పొగ. కెమెరా తీసి బొత్తాం నొక్కి కిటికీకి ఆనించాను.

విమానం కిందికి దిగుతోంది. స్కీలు మంచుకి తగిలాయి, సుయ్యిమని జారుతున్నాయి, జారుతూనే ఉన్నాయి. అయిపోయింది, దిగేసింది, అనుకున్నాను. అప్పుడు ఇంజను గట్టిగా అరిచింది. మంచు కిందికి జారిపోయింది. సిగ్నీ గీత గీసింది.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అసలు అది నేరుగా దిగాలని అనుకోనే లేదు. నెలల తరబడి నేను భయపడింది లేని దానికి.

ఎడమవైపు వంగి ఒక చుట్టు తిరిగింది. నా కిటికీలోంచి రెండు గీతలూ స్పష్టంగా కనబడ్డాయి. తెల్లగా, ఉతికిన గుడ్డ మీద వేలితో గీసినట్టు. రేడియోలో కర్టిస్ గొంతు. "ఏమైంది? దిగారా?"

"గీత గీశాను. ఒక చుట్టయింది" అంది సిగ్నీ.

"ఎలా ఉంది?"

"తెల్లగా ఉంది."

"తెల్లగా ఉంటే ఇంకేం? దిగు. రెక్క మీది కెమెరా ఆగిపోయిందని ఇక్కడ చూపిస్తోంది, నీ ముందుది కూడా పోయేటట్టుంది. దిగు సిగ్నీ."

విమానం ఒక పక్కకి ఒరిగి ఉంది. పొయ్యి తాళ్ళు కిర్రుమంటున్నాయి. పక్కగాలి ఒకటి వచ్చి మమ్మల్ని ఎత్తి కుదేసింది. నాకు ఒక్కటే కావాలనిపించింది, కాళ్ళ కింద ఏదైనా సరే, నేల. ముప్ఫై ఏళ్ళు మామగారి కాలివేళ్ళ కథ విన్నదాన్ని, ఇది ఎక్కడ తొందరపడుతుందోనని వెంట వచ్చినదాన్ని, నేను ఏమన్నానంటే, "దించెయ్యి తల్లీ. తెల్లగానే ఉందిగా. చాలు, దించెయ్యి."

సిగ్నీ వెనక్కి తిరగలేదు. "ఇంకో చుట్టు అమ్మా."

"నా వల్ల కాదే."

"అవుతుంది. గీత మీదే చూపు పెట్టు, కళ్ళు మూయకు. తల తిరగదు."

చూపు పెట్టాను. కెమెరా కూడా అలాగే పట్టుకుని ఉన్నాను, వదలాలన్నా వేళ్ళు రావడం లేదు. నెమ్మదిగా రెండో చుట్టు. సగం చుట్టు దాకా ఏమీ లేదు. తరవాత ఎడమ గీత మధ్యలో ఒకచోట, తెల్లగుడ్డ మీద టీ చుక్క పడినట్టు, చిన్న మరక. చూస్తుండగానే అది పాకింది. గీత పొడుగునా అటూ ఇటూ పాకి నల్లగా అయిపోయింది. ఆ తరవాత కుడి గీత.

నేను దించెయ్యమన్నది అక్కడికే.

సిగ్నీ వేలితో కిటికీ అద్దం మీద ఒకసారి తట్టింది, తాతకి చెప్తున్నట్టు.

"ఏమైంది? దిగారా?" అన్నాడు కర్టిస్.

"నీళ్ళున్నాయి. ఉత్తరం ఒడ్డున గాలికి మంచు ఊడ్చుకుపోయింది, అక్కడ చూస్తాను."

"మళ్ళీ తిరుగుతావా? సిగ్నీ, మనం అనుకున్నది..."

"కర్టిస్, నేను ఇప్పుడు విమానం నడుపుతున్నాను. తరవాత మాట్లాడదాం." రేడియో గొంతు తగ్గించేసింది.

ఉత్తరం వైపు ఇంకో గీత. మళ్ళీ రెండు చుట్లు. నేను రెండు చుట్లూ కళ్ళు తెరిచి చూశాను. ఈసారి గీతలు తెల్లగానే ఉండిపోయాయి. అప్పుడు దించింది. గడ్డ మీద స్కీలు టకటకమని కొట్టుకుంటూ ఆగాయి. కిందికి దిగాక మంచులోనే కూర్చుండిపోయాను. కెమెరా ఎప్పుడు ఆపానో గుర్తులేదు.

వసీలీ మంచు మీద నడిచే మోటారుబండికి సామాను లాగే చెక్కబల్ల కట్టుకుని ఒడ్డు వెంబడి చుట్టుతిరిగి వచ్చాడు. "నిన్న మధ్యాహ్నం, రాత్రి ఈ మంచు పడక ముందు, ఆ నడుమనుంచే బండి మీద వెళ్ళానే, పొడిగానే ఉంది" అన్నాడు. మొదటి గీత దాకా జాగ్రత్తగా వెళ్ళి పొడుగాటి కర్ర దింపి చూపించాడు. నా మోకాలి దాకా తడి. ఆ కర్ర బయటికి తీసిన కాసేపటికే గడ్డకట్టి గాజు తొడిగినట్టయింది.

"మీ మామ ఇక్కడే కదమ్మా పడింది" అన్నాడు వసీలీ నాతో. "నడిచొస్తుంటే దారిలో నేనే ఎదురెళ్ళాను. ఏమన్నాడో తెలుసా? ఇంకొక్క చుట్టు ఉంటే కాఫీ తాగి ఇంటికి పోయేవాణ్ణి, అన్నాడు."

పొయ్యి బిగించేసరికి గంట పట్టింది. ఫెక్లా అందులో మొదటి కట్టె పెట్టి, చేతులు చాపి, కళ్ళు మూసుకుంది. ఎండుచేప, పైలట్ బిస్కట్లు అనే గట్టి బిళ్ళలు, టీ. నేను సిగ్నీ పక్కన కూర్చున్నాను.

"నువ్వు నేరుగా దిగుతావనుకున్నానే. కర్టిస్‌తో దిగుతానన్నావుగా."

"వాళ్ళకి ఏం చెప్పినా ఒకటే అమ్మా, తరవాత వాళ్ళకి కావలసినట్టు కోసుకుంటారు. ఎలా దిగాలో తాతయ్య చెప్పి పోయాడు. దాన్ని మార్చడానికి కర్టిస్ ఎవరు, నేనెవరు?"

"మళ్ళీ నవ్వుతారేమో."

"నవ్వనీ. దిగలేని సిగ్నీ నవ్వించుకోవడానికి బతికే ఉందిగా." బిస్కటు టీలో ముంచింది. "నువ్వే దించెయ్యమన్నావు. అది మాత్రం నాన్నకి చెప్తాను."

ఫెక్లా పకపకా నవ్వింది. "ఏమే పిల్లా, కాపలాకి వచ్చి దొంగకి తలుపు తీశావా?"

మూడున్నర దాటాక ఇల్లు చేరాం. అర్విడ్ రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. సుద్దముక్క అతని చేతిలో పొడైపోయింది.

"నాలుగు కాలేదుగా" అన్నాను.

"నేను పదిన్నరకే మొదలుపెట్టాను" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఎలా చేశావే ఇది?" అని అడిగాడు. అన్నం తింటూ, గిన్నెలు కడుగుతూ చేశాను, అంతే.

కర్టిస్ నా కెమెరాలోది మనోలో తెచ్చిన తెర మీద చూశాడు. బిగించిన కెమెరాలు రెండూ చలికి చచ్చిపోయాయి, మొత్తం నేను పట్టుకున్నదే ఉంది. అతను లేచి నిలబడ్డాడు. "అమ్మగారూ, బంగారం ఇది. తల్లి వణుకుతూ దించెయ్యి అంటుంది, కింద తెల్లటి మంచు. కూతురు దించుతుంది. మధ్యలోది తీసేసి ఆ దిగడం దీనికి అతికిస్తే, సిగ్నీ ఒకే చుట్టులో, తల్లి ప్రాణం చేతిలో పెట్టుకుని..."

అతను ఏం చెప్తున్నాడో అర్థం చేసుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. కాని అర్థమైంది. గీత తెల్లగా ఉండటం, ఆ వెంటనే దిగడం. మా మామగారు చేసిన పనే. దాన్ని చూసి, ఏ నది మీదో ఏ కుర్రాడో ఒక్క చుట్టుకే దిగుతాడు.

ఇంకోటి కూడా అర్థమైంది. అలా చూపిస్తే నా కూతురికి పోయిన పేరు తిరిగొస్తుంది. ఇక ఎవరూ వెక్కిరించరు. నేను ఒక్క సంతకం పెడితే చాలు. టీవీలో కనబడే ప్రతివాళ్ళూ ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. సిగ్నీ ఎప్పుడో పెట్టేసింది, దానికిక నోరు లేదు. నేను ఎప్పుడూ పెట్టలేదు, కెమెరా కనబడితే వంటింట్లోకి పారిపోయేదాన్ని.

కర్టిస్ కాగితం నా ముందు పెట్టాడు. సిగ్నీ వైపు చూశాను.

"నీ ఇష్టం అమ్మా" అంది. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది, వాళ్ళ తాత నిలబడినట్టే.

కాగితం మొత్తం చదివాను, పంక్తి కింద వేలు పెట్టుకుని. పావుగంట పట్టింది. కర్టిస్ రెండుసార్లు దగ్గాడు. తరవాత కలం తీసుకుని అడుగున ఖాళీలో నా చేత్తో రాశాను. 'మొదటి చుట్టు, రెండో చుట్టు, గీత నల్లబడటం, నేను తప్పు చెప్పడం, మొత్తం చూపించాలి. ఎక్కడా కోయకూడదు. లేకపోతే నా గొంతు గాని, నా చేత్తో తీసింది గాని ఏదీ వాడకూడదు.' రెండు చోట్ల అక్షరం తప్పింది. అర్విడ్ దిద్దబోతే వద్దన్నాను. దాని కిందే సంతకం పెట్టాను.

"నాలుగు నిమిషాలు ఉత్త తెల్లమంచు చూపిస్తే జనం చానెల్ మార్చేస్తారండీ" అన్నాడు కర్టిస్.

"మార్చుకోనీ."

"మిమ్మల్ని చూసి దేశమంతా నవ్వుతుంది. మీరు కూతుర్ని ముంచబోయారు అంటారు."

"నిజమే కదయ్యా. ముంచబోయాను."

"ఇది లేకపోతే నాకు ఆఖరి భాగమే లేదు."

"అయితే ఉన్నది ఉన్నట్టు వేసుకో. పులుసు ఉంది, తిని వెళ్ళు."

రెండు రోజులు ఫోన్లలో ఎవరెవరితోనో వాదించాడు. నాతో ఒకసారి బతిమాలి, ఒకసారి కోప్పడి, ఒకసారి మా మామగారి ఫొటో ముందు నిలబడి ఏదో గొణిగి చూశాడు. నేను రొట్టె పిండి కలుపుతూనే ఉన్నాను. మూడో రోజు ఆ కాగితం మీద వాళ్ళ తరఫు సంతకం వచ్చింది.

అక్టోబరులో వచ్చింది ఆ భాగం. ఊరంతా బడి ఆటగదిలో కుర్చీలేసుకుని చూశాం. నా గొంతు వినబడగానే, దించెయ్యి తల్లీ అనగానే, వెనక వరసలో కిసుక్కుమన్నారు. తరవాత రెండో చుట్టు. ఏ సంగీతమూ లేదు, ఇంజను శబ్దం, నా ఊపిరి, అంతే. తెల్లమంచు మీద ఆ మరక పాకుతుంటే గదిలో ఒక్కరు కదల్లేదు. ఈ నది మీద ఎవరింట్లో మనిషి పోలేదు గనక?

మరక పూర్తిగా నల్లబడ్డాక మా కొట్టు నడిపే డాలీ గట్టిగా అంది, "ఒరేయ్, వెర్నాకి మాత్రం ఎవరూ లైసెన్సు ఇవ్వకండర్రా." అందరూ నవ్వారు. సిగ్నీ కూడా నవ్వింది, నా భుజం మీద తల పెట్టి. దిగలేని సిగ్నీ అనేవాళ్ళు బయట ఇంకా ఉన్నారు. ఇప్పుడు దించెయ్యి వెర్నా అని నాకూ ఒక పేరు పెట్టారట. ఇద్దరం పంచుకుంటున్నాం.

మర్నాడు పొద్దున సిగ్నీ పై ఊరికి టపా తీసుకుని బయల్దేరింది. కొత్తగా మంచు పడింది, సరస్సులు ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్నాయి. బల్ల మీద తన పేరు, ఊరి పేరు, 'రెండింటి నుంచి' అని రాసి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఇంజను శబ్దం నది వంపు దాటింది. నా భయం అప్పుడే మొదలైంది, దానికి టైముతో పనిలేదు. బల్ల ముందు నిలబడి చాలాసేపు చూశాను. తరవాత 'రెండింటి' అన్నది ఏప్రన్ అంచుతో తుడిచేసి, సుద్దముక్క తీసుకుని 'రెండున్నర' అని రాశాను.

చుట్లకి టైము కావాలి కదా.